కంచె వెయ్యని చేను

మజ్జిగ అడుగుదామని చెంబు పట్టుకుని పక్కింటి పెరట్లోకి వచ్చిన మరిడమ్మ తడిక దగ్గరే ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. ఊళ్ళో మగవాళ్ళు చేల మీద ఉన్నారు, ఆడవాళ్ళు వంట ముగించి కాస్త నడుం వాల్చారు. పెరటి చివర మెరక మీద పెద్ద గొయ్యి ఉంది. సగానికి పైగా నిండిన ఆ గోతిలో తవిటమ్మ తిరుగుతోంది. చీర మోకాళ్ళ పైకి దోపుకుని, గోతి అంచు వెంబడే గుండ్రంగా, అడుగు మీద అడుగు వేసి తొక్కుతూ తిరుగుతోంది. నోటితో ఏదో అంటోంది. కొన్ని చుట్లు కాగానే వంగి, చేటలోంచి గుప్పెడు ఉప్పు తీసి నాలుగు వైపులా చల్లింది. ముంతలోంచి నల్లటి నీళ్ళేవో చిలకరించింది. మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది.

మరిడమ్మ మజ్జిగ అడగలేదు. చెంబు కొంగుచాటున పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఆమె ఆ తడిక దగ్గర నిలబడి "ఏటి సేస్తన్నావే తవిటమ్మా?" అని ఒక్కమాట అడిగి ఉంటే ఈ కథ రాయవలసిన పని ఉండేది కాదు. గోతిలో ఉన్నది పశువుల మేత. తవిటమ్మ నోటితో అంటున్నవి అంకెలు. ముంతలోవి పాతబెల్లం కలిపిన నీళ్ళు. అడిగితే నిమిషంలో చెప్పి ఉండేది. కానీ చూసినదాన్ని అడగకుండా వెళ్ళిపోయి, చూడనిదాన్ని కూడా కలిపి పదిమందికి చెప్పడం మనకు బాగా అలవాటైన పని.

అది అరవై ఏడో సంవత్సరం. చీపురుపల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న ఆ ఊరి పేరు నేను చెప్పను. చెబితే చదివేవాళ్ళు అదెక్కడిదో వేరే ఊరి సంగతి అనుకుని నిశ్చింతగా నిద్రపోతారు.

అంతకు ముందటి ఏడాది వానలు మొహం చాటేశాయి. వేసవి సగం కాకముందే గడ్డిమేట్లు అడుగంటాయి. జనం తాటాకులు నరికి పశువుల ముందు వేశారు. ఎర్రన్న, తవిటమ్మల ఇంట నాలుగు పశువులుండేవి, రెండావులు మిగిలాయి. వాటి పాలు గరివిడి ఫ్యాక్టరీ క్వార్టర్సులో పోసి బతికే సంసారం వాళ్ళది. పిల్లలు లేరు. ఆ వేసవిలో ఒక పెయ్యదూడ మూడు రోజులు తల ఎత్తలేక తవిటమ్మ ఒళ్ళోనే కన్ను మూసింది. అప్పటినుంచి ఆమెకు ఒకటే భయం, వచ్చే వేసవి ఎలా గడుస్తుందని.

ఆ భయంతోనే కృపారావును అడిగింది. చీపురుపల్లి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు అతను. మిషను బడిలో చదువుకున్నవాడు, సైకిలు మీద ఊళ్ళు తిరుగుతూ టీకాలు వేస్తాడు, మాట మెత్తన.

"మేతా ఎరువూ కొనక్కర్లేదమ్మా," అన్నాడు కృపారావు. "మీ మెట్టచేలో జొన్న, బొబ్బర కలిపి జల్లండి. బొబ్బర భూమికీ బలమే, పశువుకీ బలమే. కంకి పాలు పోసుకున్నాక రెండూ కోసి, ముక్కలు సేసి, గోతిలో పొర మీద పొర ఏసి, ఉప్పూ బెల్లంనీళ్ళూ జల్లి తొక్కండి. పొరకి వంద చుట్లు తిరగండి. గాలి సొరకుండా పైన మట్టితో మెత్తెయ్యండి. నలభై అయిదు రోజులకి పాతరమేత తయారవుతాది. ఎండలు కాసినా మీ ఆవులకి పచ్చిమేతే."

తవిటమ్మ ముఖం విప్పారింది. కృపారావు సైకిలెక్కబోతూ మళ్ళీ దిగాడు.

"ఇంకో మాట. ఇది మరిసిపోకండి. కోసిన జొన్నమోళ్ళకి పిలకలొస్తాయి. వానలు ఎనకబడితే ఆ లేతపిలకల్లో ఇసం పుడతాది. నాము అంటారు. నడుమెత్తు ఎదిగేదాకా పశువు ముట్టకూడదు. కడుపు నిండా తిన్న పశువు గంట బతకదు. సేను సుట్టూ కంప కొట్టండి. మంద కాసేవోడికి సెప్పండి."

"మరి గోతిలో ఏసిన జొన్నలో ఉండదా బాబూ ఆ ఇసం?" అంది తవిటమ్మ.

"కంకి పట్టిన జొన్నలో బాగా తగ్గిపోతాది. ఉన్న కాస్తా గోతిలో మాగినప్పుడు పోతాది. భయం నేదమ్మా."

ఎర్రన్న పక్కనే ఉండి అంతా విన్నాడు.

ఇక్కడ ఆ ఊరి కట్టు ఒకటి చెప్పాలి. వాళ్ళు పండించేవి చోళ్ళనే రాగులూ, గంటెలనే సజ్జలూ. ఎవరి చేనైనా కోత కోసిన మర్నాటి నుంచి మోళ్ళు ఊరందరి పశువులవి. తాతల నాడు పెట్టుకున్న కట్టు. బీదవాడి పశువూ, పెద్దరైతు పశువూ ఒకే చేలో మేస్తాయి. మంచి కట్టే. దానికి ఎవరూ ఎప్పుడూ అడ్డం చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ రాలేదు. జొన్న మాత్రం ఆ ఊరికి కొత్త.

భాద్రపదంలో జొన్నా బొబ్బరా కోశారు. తవిటమ్మ పాతర తొక్కే పనిలో పడింది. ఎర్రన్న కత్తి పట్టుకుని వెళ్ళి తుమ్మకంప నరికి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని కొండవార ఉన్న తన చేనికి బయలుదేరాడు. గట్టు మీద సూరయ్య ఎదురొచ్చాడు. సూరయ్య ఆ ఊరి పెద్దరైతు. దుక్కి రోజుల్లో ఎర్రన్న అడిగి తెచ్చుకునే ఎద్దులు ఆయనవే.

"ఏట్రా ఎర్రన్నా, కంప మోసుకెల్తన్నావు? ఎవులికి అడ్డం కొడతావేటి?" అన్నాడు సూరయ్య.

నవ్వుతూనే అన్నాడు. కానీ ఎర్రన్న గట్టు దిగి పక్కకు ఒదిగాడు. కోసిన చేనికి కంప కొట్టడమంటే ఊరి పశువుల నోటిముందు మేత లాక్కోవడమే అంటారు. రేపు ఎద్దులు ఇవ్వరు. నలుగురూ నవ్వుతారు, తిడతారు. కృపారావు మాట చెబుదామా అనుకున్నాడు. ఊరికి లేని విషం నీ చేలోనే పుట్టిందా అని అడిగితే ఏం చెప్పాలి?

"ఎవులికీ కాదు బాబూ. పొయ్యిలోకి," అన్నాడు.

సూరయ్య కనుమరుగయ్యాక మోపు పక్కనున్న గెడ్డ వాగులో పారేసి, ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు.

"కొట్టినావా మావా? మంద కాసే జోగయ్యకి సెప్పినావా?" అని అడిగింది తవిటమ్మ.

"ఆఁ, సెప్పినాను," అన్నాడు ఎర్రన్న. మొహం కడుక్కునే మిషతో అటు తిరిగాడు. తవిటమ్మ నమ్మింది. రెండావుల్లో ఒకటి నేడో రేపో ఈనేలా ఉంది. ఆ హడావుడిలో ఆమె చేను వైపు వెళ్ళలేదు.

పాతర మూసేశారు. పైన తాటాకులు, వాటి మీద గడ్డి, దాని మీద చెరువుమట్టి మెత్తి గుమ్మటంలా చేశారు. నాలుగు రోజులకే ఆ గుమ్మటం కుంగడం మొదలైంది. మట్టి బీటలు వారింది. తెల్లవారుజామున ఆ బీటల్లోంచి సన్నగా ఆవిరి లేచేది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. లోపల మేత మాగేటప్పుడు అలాగే ఉంటుందని కృపారావు ముందే చెప్పాడు. అందుకని తవిటమ్మ రోజూ పొద్దున్నే పేడా మట్టీ కలిపి బీటలు పూడ్చేది. ఊరికి ఆ సంగతి తెలియదు. ఊరు చూసింది వేరు. పిల్లలు లేని ఆడది గొయ్యి తవ్వించింది. మిట్టమధ్యాహ్నం ఉప్పు చల్లుతూ అందులో తిరిగింది. ఏదో పాతింది. పాతిన చోట నేల వెచ్చబడి పొగ కక్కుతోంది. రోజూ పొద్దున్నే వెళ్ళి దాన్ని చేత్తో నిమురుతోంది.

చేతబడిని ఆ వైపు చిల్లంగి అంటారు. ఆ మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఆ మాటకు ఎప్పుడూ తల్లీ తండ్రీ ఉండరు. తవిటమ్మ పాలచెంబులతో వీధిలోకి వస్తే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కోసాగారు. నూతి దగ్గర ఆమె చేద వేస్తే మిగతావాళ్ళు తమ బిందెలు పక్కకు జరుపుకున్నారు. మరిడమ్మ తడికకు కొత్తగా తాటికమ్మలు కట్టించి సందు లేకుండా చేసింది. తవిటమ్మకు మొదట కోపం వచ్చింది. తర్వాత భయం వేసింది. చిన్నప్పుడు తన కన్నవారి ఊళ్ళో ఒక ముసలమ్మకు ఇలాగే మొదలైంది. ఆ ముసలమ్మ ముందరిపళ్ళు రాలగొట్టారు, మంత్రం నోట పలక్కుండా ఉండాలని. ఆ తర్వాత ఆ ముసలమ్మ అన్నం నమల్లేక, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక ఏడాది బతికింది.

పదిహేను రోజులు వాన చుక్క లేదు. ఆ తర్వాత ఒక చిన్న జల్లు పడింది. ఆ జల్లుకు జొన్నమోళ్ళు లేతగా, పచ్చగా చిగిర్చాయి. అప్పటికి పాతర మూసి నెల కావస్తోంది. ఊరి చుట్టూ ఎక్కడ చూసినా ఎండిన గడ్డే. ఊరి మందను కాసే ముసలి జోగయ్య ఒక పొద్దుటే మందను కొండవారకు తోలుకెళ్ళాడు. ఆకలితో ఉన్న పశువులు పచ్చదనం చూసి పరుగెత్తాయి. కంప లేదు. అడ్డు లేదు.

మొదట సూరయ్య ఎద్దు వణికింది. నోరు తెరిచి ఊపిరి కోసం ఎగపోసి ముందుకాళ్ళ మీద కూలిపోయింది. దాని పక్కన మరిడమ్మ చూలు ఆవు పడింది. జోగయ్య కేకలు వేస్తూ మిగతావాటిని కర్రతో కొట్టి మళ్ళించేలోగా ఇంకొక కోడె కూడా పడిపోయింది. ఊరు పరుగెత్తుకొచ్చేసరికి మూడూ కళ్ళు తేలేశాయి. ఒంటి మీద గాయం లేదు, పాము కాటు లేదు. పడింది తవిటమ్మ చేలో. ఎప్పుడూ మందకు తోలని తవిటమ్మ పాడి ఆవులు రెండూ మాత్రం ఇంటి దగ్గర హాయిగా నెమరేస్తున్నాయి.

మరిడమ్మ తన ఆవు పొట్ట మీద చెయ్యి వేసింది. లోపల దూడ ఇంకా కదులుతోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది. ఆమె ఏడుపు ఆ కొండవారంతా వినిపించింది. ఆ ఏడుపు అబద్ధం కాదు. దానికి ఎవరో ఒకరు కారణం కావాలి. ఊరంతా అప్పుడు తవిటమ్మ ఇంటి వైపు చూసింది.

ఆ సాయంత్రం తవిటమ్మ మొగుణ్ణి నిలదీసింది. "కంప నేదంట. కొట్టినానన్నావు గదా మావా?"

ఎర్రన్న గుమ్మంలో చతికిలబడ్డాడు. ఆమెకు అర్థమైపోయింది.

"యెల్లు. ఇప్పుడే యెల్లి సెప్పు. పిలకలు తిని సచ్చినాయని సెప్పు."

"సెప్తే నన్ను బతకనిస్తారేటే? మూడు పశువులు! ఊళ్ళోంచి తరిమేస్తారు. రెండ్రోజులాగు. కాంపౌండరు బాబొస్తే ఆయనే సెప్తాడు."

"మరి నాను సెప్పనా?"

"ఒద్దే, నీకు దండమెడతాను," అని ఎర్రన్న నిజంగానే రెండు చేతులూ జోడించాడు. తవిటమ్మ ఆ చేతుల వైపు చూసి ఊరుకుంది. కృపారావు టీకాల పని మీద పాలకొండ వైపు వెళ్ళాడు. వారం దాకా రాడు.

ఆ రెండు రోజుల్లో ఎర్రన్న మనసులో జరిగినది చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. కానీ చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. నాము నిజమైతే తప్పు తనది. చిల్లంగి నిజమైతే తప్పు తనది కాదు. ఈ లెక్క తెలిశాక ఎర్రన్నకు చిల్లంగి మీద నమ్మకం కుదరసాగింది. గోతిలో తిరిగినప్పుడు ఆమె అంకెలేనా అన్నది? వందకు ఎన్ని గుప్పెళ్ళ ఉప్పు చల్లింది? పిల్లలు ఎందుకు పుట్టలేదు? ఇరవై ఏళ్ళు కాపురం చేసిన ఆడదాన్ని అతను ఓరకంట చూడటం మొదలుపెట్టాడు. మర్నాడు ఆమె ఇచ్చిన మజ్జిగముంత అందుకుని, తాగకుండా, ఆమె చూడటం లేదనుకుని గోడవార పారబోశాడు.

తవిటమ్మ చూసింది. వీధిలో అన్ని తలుపులు మూసుకున్నప్పుడు కూడా ఆమెకు ఇంత భయం వెయ్యలేదు. ఆ మజ్జిగ నేలలో ఇంకిపోయేదాకా అక్కడే నిలబడింది.

మూడో రోజు పొద్దెక్కాక వచ్చారు. సూరయ్య ముందు, వెనక ముప్పై నలభై మంది. పక్క ఊళ్ళో సోదె అడిగించారట. గోతిలో ఉన్నది బయటపడితే గాని చావులు ఆగవని చెప్పారట. ఇద్దరు గునపాలు పట్టుకొచ్చారు. ఒకడి చేతిలో కమ్మరి పటకారు ఉంది. దాన్ని ఎందుకు తెచ్చారో తవిటమ్మకు వేరే చెప్పక్కర్లేదు. సూరయ్య తల్లి దాలమ్మ, చూపు ఆనని ముసలిది, మనవరాలి భుజం పట్టుకుని గుంపు వెనకాల వచ్చింది. చచ్చిన ఎద్దుకు దూడగా ఉన్నప్పుడు గంజి తాగించి పెంచింది ఆవిడే.

"తవ్వండ్రా," అన్నాడు సూరయ్య.

మట్టి పగిలింది. తాటాకులు లేచాయి. జనం రెండడుగులు వెనక్కి వేశారు. బొమ్మలుంటాయనుకున్నారు, ఎముకలుంటాయనుకున్నారు. లోపల ఉన్నది పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో, మెత్తగా అణిగిన మేత. పుల్లటి వాసన గుప్పుమంది. ఆడవాళ్ళు ముక్కులు మూసుకున్నారు.

దాలమ్మ మాత్రం ముక్కు ఎగబీల్చింది. "ఏదీ, గుప్పెడు ఇలగియ్యండి," అంది. ఎవరూ కదల్లేదు. తవిటమ్మే తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ముసలిది వేళ్ళతో నలిపింది, మరోసారి వాసన చూసింది.

"ఓలమ్మ! ఇది తరవాణి వాసనరా. మనం గంజి మూతేసి పులిసాక తాగమేటి? ఇది పశువులకి తరవాణి. దీనికా మీరు గునపాలు తెచ్చినారు?"

గుంపులో చిన్న కదలిక వచ్చింది. రోజూ పొద్దున్నే తరవాణి తాగి పనికి వెళ్ళేవాళ్ళే అందరూ. ఆ వాసన వాళ్ళకు ఇప్పుడు తెలిసింది.

"తరవాణో, ఇసమో సూద్దాం. మీ ఆవుకి ఎయ్యి," అన్నాడు సూరయ్య.

తవిటమ్మ తట్టెడు మేత తీసి ఈనిన ఆవు ముందు పెట్టింది. తెరవవలసిన గడువు ఇంకా పదిహేను రోజులుంది. సరిగ్గా మాగిందో లేదో ఆమెకే తెలియదు. ఆవు మూతి పెట్టి, వాసన చూసి, తల పక్కకు తిప్పింది. ఎవరో "సూసినారా?" అన్నారు. ఆవు మళ్ళీ తల వంచి ఒక పరక తీసుకుంది. మరొకటి. తర్వాత తట్ట అడుగు దాకా తినేసి నాలుకతో తట్టను నాకింది. చాలాసేపు అందరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అది నెమరు వేసుకుంటూ తోక ఊపింది.

కథ ఇక్కడ ఆగిపోవచ్చు. కానీ భయం ఇంత సులువుగా ఇంటికి వెళ్ళదు.

"అయితే నా ఎద్దేటయినాది?" అన్నాడు సూరయ్య. అతని కళ్ళల్లో నీళ్ళున్నాయి. "దాని సేలో అడుగెట్టి ఎందుకు సచ్చినాది? సెప్పమనండి!"

తవిటమ్మ ఎర్రన్న వైపు చూసింది. దూడను కట్టే గుంజ పట్టుకుని అతను నేల చూస్తున్నాడు. ఆమె నోరు తెరిస్తే మొగుడు బలి. తెరవకపోతే తను. జోడించిన ఆ రెండు చేతులూ గుర్తొచ్చాయి. ఆమె నోరు మూసుకుంది.

"నోరు మూస్తాది గాని సెప్పదు. సిల్లంగి కాకపోతే ఎందుకు సెప్పదు?" అని మరిడమ్మ అరిచింది.

ఇద్దరు ఆడవాళ్ళు తవిటమ్మ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. ఒకడు తల పట్టుకున్నాడు. "మావా!" అని ఒక్కసారి పిలిచింది. ఎర్రన్న పెదవులు కదిలాయి, మాట రాలేదు. పటకారు మెరిసింది. ఆ కేక విని గొడ్లపాకలోని ఆవులు రెండూ కట్లు తెంచుకోవడానికి పెనుగులాడాయి.

ఒక పన్ను మట్టిలో పడింది.

అప్పుడు వచ్చింది ఎర్రన్నకు మాట. గుంజ వదిలి గుంపును తోసుకుని వచ్చి పటకారు పట్టినవాడి మీద పడ్డాడు.

"ఒగ్గీండి! దాన్నొగ్గీండిరా! నాను సంపినాను మీ పశువుల్ని! జొన్నపిలకల్లో ఇసముంటాదని కాంపౌండరు బాబు సెప్పినాడు. కంప కొట్టమన్నాడు. ఇది వందసార్లు సెప్పినాది. సూరయ్య బాబూ, ఆవేళ గట్టుమీద నువ్వడిగితే పొయ్యిలోకన్నాను. అబద్ధం. నీకు భయపడి గెడ్డలో పారేసినాను. జోగయ్యకి కూడా సెప్పనేదు. ఇది నా కోసరం నోరు మూసుకున్నాది!"

గుంపు వెనకనించి జోగయ్య ముందుకొచ్చాడు.

"నిజఁవే బాబూ. ముందు పోయి పిలకలు మేసినవే పడ్డాయి. ఎనక సోడిమోళ్ళల్లో ఆగిపోయినవాటికి ఏటీ కానేదు. నాను కళ్ళారా సూసినాను. మంద సరిగ్గా కాయనేదని నన్ను తీసేస్తారని ఊరుకున్నాను."

సూరయ్య ఎర్రన్నను కొట్టబోయి చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి అలాగే కిందికి దిగిపోయింది. గుంపు ఒక్కొక్కరుగా పల్చబడింది. క్షమించమని ఎవరూ అనలేదు. మనుషులు గుంపుగా తప్పు చేస్తారు గాని క్షమాపణ చెప్పవలసి వచ్చేసరికి ఎవరి ఇంటికి వారు పోతారు. దాలమ్మ ఒక్కతే ఉండిపోయి, నీళ్ళు తెప్పించి, తడుముకుంటూ తవిటమ్మ నోరు కడిగింది. ఎర్రన్న దగ్గరకు రాబోతే తవిటమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. చాలా రోజులు ఆ చెయ్యి అలాగే అడ్డంగా ఉంది.

వారానికి కృపారావు వచ్చాడు. కొంగుతో నోరు కప్పుకున్న తవిటమ్మను చూసి సైకిలు పట్టుకునే నిలబడిపోయాడు. జరిగింది విన్నాక సూరయ్య ఇంటికి వెళ్ళాడు. ఎప్పుడూ వీధిలో నిలబడే మాట్లాడి వెళ్ళిపోయేవాడు, ఆ వేళ అరుగు ఎక్కి కూర్చుని ఊరిని పిలిపించమన్నాడు.

"నాము సంగతి నేను ఇద్దరికే చెప్పి వెళ్ళిపోయాను," అన్నాడు అందరి ఎదుటా. "ఊరంతటికీ చెప్పవలసింది. ఈ అరుగు ఎక్కనిస్తారో లేదోనని జంకాను. ఎర్రన్నకి మీరంటే భయం. జోగయ్యకి పని పోతుందని భయం. మీకు గొయ్యంటే భయం. ఇన్ని భయాలూ కలిసి ఒక్క ఆడమనిషి నోటి మీద పడ్డాయి. చిల్లంగి అంటే ఇదే. ఇంతకు మించి ఇంకేమీ లేదు."

సూరయ్య తల ఎత్తలేదు. ఆ సాయంత్రమే తన ఎద్దుల్లో మిగిలినదాన్నీ, పక్కవాళ్ళ ఎద్దునూ కట్టి ఎర్రన్న చేలోని జొన్నమోళ్ళు దున్నించాడు.

తవ్విన రోజే మట్టి మెత్తి మళ్ళీ మూసిన పాతర చెడలేదు. ఆపై వచ్చిన వేసవిలో తవిటమ్మ ఆవులు పాతరమేత తిని, ఊళ్ళో మిగతా పశువులు ఎండుగడ్డి నములుతున్న రోజుల్లో కూడా పాలిచ్చాయి. ఆ పాలు ఊరు చూసింది. మరుసటి ఏడు ఊళ్ళో అయిదు ఇళ్ళ వాళ్ళు జొన్నా బొబ్బరా కలిపి చల్లారు. కోత కాగానే ఎర్రన్న కత్తి పట్టుకుని వెళ్ళి అయిదు చేలకూ కంప కొట్టాడు. ఇంటింటికీ తిరిగి, అడిగినవాడికీ అడగనివాడికీ నాము సంగతి చెప్పాడు. కొందరు విసుక్కున్నారు. అయినా చెప్పాడు.

మరిడమ్మ పెరట్లో కూడా గొయ్యి తవ్వారు. ఆమె వచ్చి తడికకు కట్టించిన తాటికమ్మలు తనే పీకేసింది. చాలాసేపు తటపటాయించి, "వదినా, తొక్కడం నాకు తెల్దు. ఒకపాలి సూపిస్తావేటి?" అని పిలిచింది. తవిటమ్మ వెళ్ళింది. ఇద్దరూ గోతిలోకి దిగారు. అదే మిట్టమధ్యాహ్నం వేళ. తవిటమ్మ ముందు, మరిడమ్మ వెనక. గుండ్రంగా, అడుగు మీద అడుగు వేసి తిరుగుతున్నారు. తవిటమ్మ నోటితో ఏదో అంటోంది.

"ఏటంటన్నావు వదినా?" అని అడిగింది మరిడమ్మ.

తవిటమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. పన్ను ఊడిన చోట ఖాళీ కనిపించేలా నోరు తెరిచి సమాధానం చెప్పింది. మరిడమ్మ ఆ ఖాళీ వైపు చూడలేక కళ్ళు దించుకుంది.

"లెక్కెడతన్నానే. పొరకి వంద సుట్లు. ఈ మాట నిరుడు అడగవలసిందే నువ్వు. అడగడానికి నువ్వు భయపడ్డావు, సెప్పడానికి నా మొగుడు భయపడ్డాడు, ఆడ్ని కాయాలని నానూ నోరు మూసుకున్నాను. మేతకైతే గాలి తగలకుండా మూత ఎయ్యాల. మనిసి మాటకి ఎప్పుడూ మూత ఎయ్యకూడదే మరిడమ్మా, ఏసినచోటే సిల్లంగి పుడతాది."